కేతిల్ గొంతు రేడియోలో వచ్చిన ఆదివారం

చనిపోయిన మొగుడి పాట వినడానికి హల్బెరా పొద్దుటినుంచీ తల దువ్వుకుంటోందని థోర్దిస్ అందట. ఆ మాట థోర్దిస్ నేరుగా హల్బెరాతో అనలేదు. ఏటి అవతల ఉండే ఓడ్నీతో అంటే, ఓడ్నీ పనిగట్టుకుని ఫోను చేసి హల్బెరాకి చేరవేసింది.

"జడలు రెండూ విప్పి మళ్ళీ అల్లుకుంటున్నావట, పండగ గౌను బయటికి తీశావట. రేడియోకేమన్నా కళ్ళున్నాయా అంటోంది."

"దువ్వుకున్నాను. అయితే ఏం? దాని మొగుడు బతికే ఉన్నాడు, అయినా అది తల దువ్వుకోదు" అంది హల్బెరా.

తీగ మీద ఎవరో గట్టిగా ముక్కు ఎగబీల్చారు. ఇంకెవరు, థోర్దిస్సే. ఆ లోయలో ఇళ్ళన్నిటికీ కలిపి ఒకే ఫోను తీగ. ఎవరింటికి గంట కొట్టినా అందరిళ్ళల్లోనూ మోగుతుంది. మోగే తీరును బట్టి ఎవరికోసమో తెలుస్తుంది. తెలిశాక మిగిలినవాళ్ళు చప్పుడు కాకుండా ఫోను ఎత్తి వింటారు. ఐస్‌లాండు పల్లెల్లో దాన్ని ఎవరూ తప్పుపట్టరు. రెండు రోజులు వినకుండా ఉంటేనే, ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు.

"సరేలే," అంది ఓడ్నీ గొంతు తగ్గించి, తగ్గిస్తే వినపడదన్నట్టు. "నీ రేడియో పలుకుతోందా?"

అక్కడే వచ్చింది చిక్కు. పలకడం లేదు.

లోయలో అందరి రేడియోలూ బ్యాటరీ మీద నడిచేవే. ఆ బ్యాటరీలకి ప్రాణం పోసేవి ఇంటి కప్పుల మీద తిరిగే చిన్న గాలిమరలు. గాలికి కరువు లేని దేశం అది. బట్టలు ఆరేస్తే పక్క ఊళ్ళో వెతుక్కోవలసిన దేశం. అలాంటిది ఆ చలికాలం ఏం పట్టిందో, రెండు వారాలుగా ఆకాశం గడ్డకట్టినట్టు గాలి నిలిచిపోయింది. పొయ్యి పొగ నిట్టనిలువుగా లేచి అక్కడే నిలబడింది. మరలు రెక్కలు చాచుకుని ఊరుకున్నాయి. ఒక్కొక్క ఇంట్లో రేడియో గొణిగి, గొంతు పోయి, ఆఖరికి మూగబోయింది. వారం వారం వచ్చే నాటకం సరిగ్గా హంతకుడెవరో తేలే చోట ఆగిపోయిందని మగవాళ్ళు ఒకటే విసుక్కున్నారు.

ఒక్క ఏవిందుర్ ఇంట్లోనే రేడియో మోగుతోంది. ఆయన పెరట్లో వాగు ఉంది. మంచు కింద కూడా పారే వాగు. దానికి చక్రం కట్టి కరెంటు పుట్టించుకున్నాడు. ఆ ఏవిందుర్ భార్యే ఓడ్నీ.

ఏవిందుర్ గడప హల్బెరా తొక్కదు. మొగుడు కేతిల్ తొక్కలేదు కాబట్టి.

కేతిల్ అనే మనిషి గొర్రెల కాపరుల్లో మామూలు కాపరి, పద్యం చెప్పేవాళ్ళలో మాత్రం పేరున్నవాడు. ఒకప్పుడు చలికాలం వస్తే చాలు, చీకటి పడ్డాక ఇంటిల్లిపాదీ ఒకే గదిలో చేరి ఉన్ని పని పట్టుకునేవాళ్ళు. ఒకరు ఏకుతుంటే ఒకరు వడికేవాళ్ళు. పిల్లలు చేతి తొడుగులు అల్లేవాళ్ళు. దీపం పక్కన నిలబడి కేతిల్ పాత వీరుల కథలు పద్యాల్లో చెప్పేవాడు, రాగం తీసి, చరణం చివర గొంతు ఊపి వదిలేస్తూ. యుద్ధం వచ్చినచోట రాట్నాలు జోరుగా తిరిగేవి. ఎవరన్నా చచ్చిపోయే చోట ఆగిపోయేవి. పొరుగు గొర్రెల దొడ్ల నుంచి కూడా మనుషులు మంచులో పడి వచ్చి, బూట్లు విప్పి, గోడవారగా కూర్చునేవాళ్ళు. ఎవరి ఉన్ని వాళ్ళే తెచ్చుకునేవాళ్ళు. హల్బెరాకి ఆ గది వాసన ఇప్పటికీ ముక్కులోనే ఉంది. తడి ఉన్ని, కాఫీ, దీపపు నూనె, కేతిల్ పొడుం.

లోయలోకి మొదటి రేడియో తెచ్చింది ఏవిందుర్. మొదట వార్తలు, వాతావరణం అన్నారు. తర్వాత నాటకాలు వచ్చాయి, కథలు చదవడం వచ్చింది. రాజధానిలో ఎవరో నటి ఏడిస్తే ఇక్కడ వంటింట్లో ఆడవాళ్ళు ముక్కులు చీదారు. కేతిల్ గదిలో గోడవార ఖాళీ పెరుగుతూ వచ్చింది. ఒకసారి ఏవిందుర్ ఇంట్లో విందుకి పిలిస్తే వెళ్ళి, అలవాటు కొద్దీ గొంతు సవరించుకుని పద్యం ఎత్తుకున్నాడు కేతిల్. "ఒక్క క్షణం ఆగు, నాటకం అయిపోనీ" అన్నాడు ఏవిందుర్. కేతిల్ టోపీ పెట్టుకుని ఇంటికొచ్చేశాడు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. కొండ దిగిన గొర్రెల్ని ఎవరివి వాళ్ళు ఏరుకునేచోట ఎదురుపడ్డా, గొర్రెలతో మాట్లాడినట్టు పక్కకి చూసి మాట్లాడేవాడు.

రేడియో మీద మాత్రం హల్బెరాకి కోపం రాలేదు. వాళ్ళింటికీ ఒకటి వచ్చింది. నాటకంలో పిల్ల చచ్చిపోతే ఆమె ఏడ్చేది. "ఎందుకే ఏడుపు? వచ్చే వారం వేరే పేరుతో మళ్ళీ వస్తుంది" అనేవాడు కేతిల్, మూలన కూర్చుని, ఒక్క మాటా వదలకుండా వింటూ.

కిందటి వేసవిలో రాజధాని రేడియో నుంచి ఒక అబ్బాయి కారు వేసుకుని వచ్చాడు. పాత పద్యాలు చెప్పే ముసలివాళ్ళు పోతున్నారు, వాళ్ళ గొంతులు పట్టిపెట్టుకోవాలి అన్నాడు. కేతిల్ ఎగిరి గంతేస్తాడనుకుంటే, "ఇన్నాళ్ళూ మీరే కదయ్యా మా నోళ్ళు మూయించింది?" అన్నాడు. ఆ అబ్బాయి నవ్వి, మూడో కప్పు కాఫీ కూడా తాగి కూర్చున్నాడు. చివరికి కేతిల్ పండగ చొక్కా వేసుకున్నాడు. టేపు మిషను బల్ల మీద తిరిగింది. హల్బెరాని కదలొద్దన్నారు. ఆమె అల్లిక ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

పడవ తుపానులో చిక్కుకునే ఘట్టంలో కేతిల్ ఆగిపోయాడు. ఆగుతాడని ఆమెకి తెలుసు. పెళ్ళయిన మొదటి చలికాలం నుంచీ అక్కడే ఆగేవాడు, ఆ ఒక్క పాదం దగ్గరే. ఆమె వైపు తిరిగి, "ఆ తర్వాత ఏమిటే, బెరా?" అన్నాడు. బెరా అని ఆమెని పిలిచింది ప్రపంచంలో ఆయనొక్కడే. "తెరచాప తడిసి బరువెక్కె, తీరము కానరాదాయె" అని ఆమె అందించింది. "తెలుసులే" అన్నాడు, ఎప్పట్లాగే, కాస్త విసుక్కుంటూ. ఆ పాదం మళ్ళీ అందుకుని సాగిపోయాడు.

అంతా అయ్యాక హల్బెరా సిగ్గుపడింది. "నా గొంతు కూడా పడిపోయిందా బాబూ?"

"మిషను అన్నీ పట్టుకుంటుందమ్మా" అన్నాడా అబ్బాయి, వైర్లు చుట్టుకుంటూ.

గొర్రెలు కొండ దిగిన వారానికే కేతిల్ పోయాడు. గుండె. దొడ్డి తలుపు గొళ్ళెం పెడుతూ పోయాడు. ఇంట్లో ఆయనది ఫోటో ఉంది, పొడుం పోసుకునే కొమ్ము ఉంది, బూట్లున్నాయి. గొంతు లేదు. చలికాలం మధ్యకి వచ్చేసరికి, ఆయన 'బెరా' అన్నప్పుడు ఆ చివర గొంతు పైకి లేచేదా, కిందికి దిగేదా అన్నది ఆమెకి సందేహం వచ్చింది. దానికి భయపడింది, సమాధి దగ్గర కూడా భయపడని మనిషి. ఆ వారమే రేడియో వాళ్ళు ఉత్తరం రాశారు, ఆదివారం సాయంత్రం వాతావరణం తర్వాత కేతిల్ పద్యాలని. పద్యాలు ఆమెకి నోటికి వచ్చు. ఆమె ఎదురుచూసింది ఆ ఆగిన చోటు కోసం.

"మా ఇంటికి రా" అంది ఓడ్నీ ఫోనులో. "బండి పంపిస్తాడు మా ఆయన."

"రాను."

"పోయినాయన పట్టింపు ఇంకా నువ్వెందుకు మొయ్యడం?"

"నేను మొయ్యకపోతే ఇంకెవరు మోస్తారే?"

 తర్వాత ఏవిందుర్ గొంతే వచ్చింది, నేరుగా. "హల్బెరా, నువ్వు రావద్దులే. ఫోను పట్టుకుని కూర్చో. రేడియోని నేను ఫోను ముందు పెడతాను."

సాయంత్రం అయింది. హల్బెరా గోడ ఫోను కింద కుర్చీ వేసుకుని, పండగ గౌను సర్దుకుని, వినే గొట్టం చెవికి ఆనించుకుంది. అవతల ఓడ్నీ వంటింట్లో పెద్ద హడావిడి. వాళ్ళ ఫోనూ గోడకి కొట్టిందే, మాట్లాడే మూతి దానికే ఉంటుంది. రేడియో గది ఆ చివర ఉంది. రేడియో వైరు ఫోను దాకా అందుతోంది గానీ, బల్ల వేసి పెడదామంటే అక్కడ మెట్ల వాలు.

"పట్టుకుంటాను" అన్నాడు ఏవిందుర్.

"అంత పెట్టెని ఎంతసేపు పట్టుకుంటావు? నీ నడుమో?" ఓడ్నీ.

"నా నడుము సంగతి నీకెందుకు? నువ్వు గొట్టం చెవిన పెట్టుకుని ఆవిడకి వినపడుతోందో లేదో చెప్పు."

వాతావరణం మొదలైంది. సముద్రం మీద గాలి లేదు, చేపల పడవలకి ఇబ్బంది లేదు అని ఎవరో చెబుతున్నారు, చాలా దూరం నుంచి, దుప్పటి కప్పుకుని చెబుతున్నట్టు.

"వినపడుతోందా తల్లీ?" అంది ఓడ్నీ.

"చీమ గొణిగినట్టుంది" అంది హల్బెరా. ఆ తీగ సంగతి ఆమెకీ తెలుసు, అందరికీ తెలుసు. ఎంతమంది ఎత్తితే శబ్దం అంత పలచబడుతుంది. రేడియోలు మూగబోయిన లోయంతా ఆ సాయంత్రం ఫోనులకి చెవులు ఆనించి కూర్చుంది.

ఏవిందుర్‌కి ఓడ్నీ చెప్పినట్టుంది. రేడియోని చంటిబిడ్డలా ఎత్తుకునే ఉన్నాడేమో, ఆయన మాట ఆయాసంతో వచ్చింది. "అందరూ వినండి. ఫోనులు పెట్టెయ్యండి. ఆయన భార్యకి వినపడటం లేదు."

టక్కు. ఇంకెక్కడో టక్కు. ఒక ముసలాయన "అయ్యో, మేమూ వింటామనుకున్నాంగా" అని, "సరేలే తల్లీ, నువ్వు విను" అని పెట్టేశాడు. టక్కు, టక్కు. ఒక్కో చప్పుడుకీ వాతావరణం చెప్పేవాడు ఒక అడుగు దగ్గరికొచ్చాడు. ఇప్పుడతను పక్క గదిలో ఉన్నాడు.

"థోర్దిస్, నువ్వు కూడా" అన్నాడు ఏవిందుర్.

"నేనెప్పుడో పెట్టేశాను" అంది థోర్దిస్.

తర్వాత కేతిల్ వచ్చాడు.

ముందు గొంతు సవరించుకున్నాడు. హల్బెరా చెయ్యి తనకి తెలియకుండానే మెడ దగ్గరికి పోయింది. పద్యం ఎత్తుకున్నాడు. ఆ చరణం చివర ఊపు, ఊపిరి తీసుకునేటప్పుడు ముక్కులో ఆ చిన్న ఈల, అన్నీ ఉన్నాయి. రాజు వచ్చాడు, తమ్ముడి మీద అలిగాడు, ఓడ కట్టించాడు. ఎప్పటిలా ఆమె చేతులు అల్లిక సూదుల కోసం ఒళ్ళో తడుముకున్నాయి. కిటికీ అవతల నీలం చీకటి. గది నిండా తడి ఉన్ని వాసన వేసింది ఆమెకి, ఇంట్లో ఎక్కడా తడి ఉన్ని లేకపోయినా. గోడవారగా మనుషులు కూర్చున్నట్టే ఉంది. వాళ్ళలో సగం మంది ఇప్పుడు చర్చి పక్కన పడుకుని ఉన్నారు.

ఓడ సముద్రంలోకి పోయింది. మబ్బు పట్టింది. ఆమె కుర్చీ అంచుకి జరిగింది. గొట్టాన్ని చెవికేసి నొక్కుకుంది, నొప్పి పుట్టేదాకా. అల లేచింది. తాడు తెగింది. ఇప్పుడు. ఇక్కడ.

'తెరచాప తడిసి బరువెక్కె, తీరము కానరాదాయె' అన్నాడు కేతిల్. అని ఆగకుండా తర్వాతి పాదంలోకి పోయాడు.

ఆమె పెదవులు కదిలి అలాగే ఉండిపోయాయి. ఆ పాదం చెప్పడానికి ఊపిరి తీసుకుని ఉంది. ఊపిరి లోపలే ఉంది. ఓడ ఒడ్డుకి చేరింది, రాజు తమ్ముణ్ణి కావలించుకున్నాడు, పద్యాలు అయిపోయాయి. ఇప్పటిదాకా మీరు విన్నది ఫలానా లోయలోని కేతిల్ అని ఎవరో పిల్ల గొంతు మర్యాదగా చెప్పింది. వయొలిన్ మొదలైంది. అవతల ఏవిందుర్ రేడియోని ఎక్కడో దించి మూలిగాడు.

టక్కు, టక్కు. ఫోనులు మళ్ళీ ఒక్కొక్కటే లేచాయి. అయిపోయిందా అని ఎత్తినవాళ్ళు కొందరు, ఎలా చెప్పాడో అడిగి తెలుసుకుందామని ఎత్తినవాళ్ళు కొందరు.

"ఎంత బాగా చెప్పాడమ్మా!" థోర్దిస్ అంది, తాను ఫోను పెట్టేశానన్న సంగతి మరిచిపోయి. "ఆ తుపాను పద్యం దగ్గర ఆగుతాడేమోనని నా గుండె దడదడలాడింది హల్బెరా, ఒట్టు. ఎప్పుడూ ఆగేవాడుగా. ఏట్లో నీళ్ళలా పోయింది."

"ఆగాడట" అన్నాడు ఏవిందుర్, ఇంకా రొప్పుతూనే. "ఆ మిషను అబ్బాయి పోయేటప్పుడు మా ఇంట్లో కాఫీ తాగి చెప్పాడు. ఆగిన చోటు కోసేసి టేపు అతికిస్తానన్నాడు. అతుకు ఎక్కడుందో తెలిసిందా ఎవరికన్నా? పనితనం అంటే అదీ." తర్వాత మెత్తగా అన్నాడు. "కేతిల్‌ని నేను ఒకసారి ఆపాను హల్బెరా. ఇవాళ ఆయన ఎక్కడా ఆగలేదు. వినపడిందా నీకు, పూర్తిగా?"

"వినపడింది" అంది హల్బెరా. "ఆ అబ్బాయి కోసి పారేశాడని మీరు మెచ్చుకుంటున్నారే, నేను కూర్చున్నది ఆ ముక్క కోసమే."