శబ్దం రాని గది

ఆరడుగుల మనిషిని బుడ్డోడా అని పిలిచే హక్కు లోకంలో ఒక్క అక్కకే ఉంటుంది. మన అక్క ఆ హక్కును ముప్పయ్యేళ్లుగా వదులుకోలేదు. తమ్ముడు లెక్కల మాస్టారై, నలభైమంది పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టే స్థాయికి వచ్చినా ఆవిడకు బుడ్డోడే. ఆ బుడ్డోడు ఒకరోజు పాఠం మధ్యలో సుద్దముక్క బల్ల మీద పెట్టి, "ఎవరది మాట్లాడుతున్నది?" అని అడిగాడట. ఎవరూ మాట్లాడలేదు. మళ్లీ అడిగాడు. మూడోసారి అడిగి, తరగతి వదిలేసి, వరండాలో గోడకు చెవి ఆనించి నిలబడ్డాడు. హెడ్‌మాస్టరు ఫోన్ చేస్తే అక్క పరుగున వెళ్లి తనింటికి తీసుకొచ్చుకుంది.

అది జరిగి రెండు నెలలు. అప్పట్నుంచీ వెనక గదిలో ఉంటున్నాడు. గోడలోంచి ఒక గొంతు వస్తుందంటాడు. ఏమంటుందిరా అని అడిగితే నీళ్లు నములుతాడు. వండింది ఏదీ ముట్టడు. పెంకు తియ్యని ఉడికించిన గుడ్లు, తొక్క తియ్యని అరటిపళ్లు, అంతే. అవి కూడా ఎవరూ ఒలిచి ఇవ్వకూడదు. లోపల ఎవరూ ఏదీ కలపలేనివి అవే కదా అని ఒకరోజు అక్కకు తట్టింది. తట్టాక పొయ్యి దగ్గర నిలబడి చాలాసేపు ఏడ్చింది. చిన్నప్పుడు వాడికి తినిపించిన చెయ్యి తనది మరి.

బావ ఎలక్ట్రీషియన్. మంచివాడు, కాకపోతే ఆయన మంచితనం ఎప్పుడూ స్క్రూడ్రైవర్ పట్టుకునే వస్తుంది. గోడలో గొంతేమిటో తేల్చేద్దామని ఒక ఆదివారం ఇంట్లో ఉన్న స్విచ్ బోర్డులన్నీ విప్పి బారుగా నేల మీద పరిచాడు. కాలింగ్ బెల్‌నీ వదల్లేదు.

"చూడు బావమరిదీ. నాలుగు తీగలు, ఒక బల్లి గుడ్డు. ఇంకేమైనా ఉందా?"

బుడ్డోడు వంగి, ఒక్కొక్క బోర్డునూ శ్రద్ధగా చూశాడు. "మీరు విప్పుతారని వాళ్లకు ముందే తెలుసు బావా. తీసేసుంటారు" అన్నాడు మర్యాదగా.

బావ ముఖం చిన్నబోయింది. దానికి తోడు అక్క చేత చీవాట్లు. "గోడలు విప్పితే తగ్గే బాధేనా అది? వాడితో వాదానికి దిగుతారేంటండీ, మీకు మతి ఉందా?" అంది. అంత తెలిసిన మనిషి వారం తిరిగేసరికి అదే పని చేసింది. ఆయన చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది, ఆవిడ చేతిలో ఇంకో మిషన్ ఉంది, అంతే తేడా.

అక్క వినికిడి యంత్రాలు అమ్మే దుకాణంలో పనిచేస్తుంది. పధ్నాలుగేళ్లుగా వినికిడి పరీక్షలు చేస్తోంది. దుకాణం వెనకవైపు ఒక కుర్చీ, ఒక మనిషి పట్టేంత గది ఉంది. గోడలకు మందపాటి స్పాంజి, నాలుగంగుళాల తలుపు, ఒక చిన్న అద్దాల కిటికీ. తలుపు మూస్తే బయట లారీ పోయినా లోపలికి చీమ చిటుక్కుమన్నంత చప్పుడు కూడా రాదు. లోపల కూర్చున్నవాళ్ల చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి, "ఎంత సన్నగా వినిపించినా సరే, వేలెత్తండి" అని చెప్పి, ఆవిడ బయట కూర్చుని మీటలు నొక్కుతుంది. కొందరు పెద్దమనుషులుంటారు, చెవుడని ఒప్పుకోవడం నామోషీ. వినిపించకపోయినా ఆవిడ ముఖంలోకి ఓ చూపు చూసి, టపీమని వేలెత్తేస్తారు. అలాంటి దొంగవేళ్లను పట్టుకోవడంలో అక్కది అందెవేసిన చెయ్యి.

మానసిక వైద్యుల ఆసుపత్రిలో బుడ్డోడికి గురువారానికి సమయం దొరికింది. వాడేమో రానంటాడు. "ఇద్దరు మనుషుల్ని పెట్టి ఎత్తుకుపోదాం, ఎన్నాళ్లని చూస్తాం? చొక్కా వేలాడిపోతోంది" అన్నాడు బావ. చొక్కా సంగతి అక్కకు తెలియదా? కానీ వాడు గది తలుపు తీసేది ఆవిడ ఒక్కదానికే. ఆవిడే దగ్గరుండి పట్టిస్తే ఆ తలుపు ఇక ఎవరికీ తెరుచుకోదు. వాడు తన కాళ్లతో తను నడిచి రావాలి. అందుకని ఆవిడకొక ఉపాయం తోచింది. ఏ శబ్దమూ రాని గదిలో కూర్చోబెడితే వాడికి ఏమీ వినిపించదు. అప్పుడు, "చూశావుట్రా, ఏమీ లేదు కదా" అనొచ్చు. అలా ఒప్పించొచ్చు.

ఆదివారం దుకాణానికి సెలవు. తాళం చెవి ఆవిడ దగ్గరే ఉంటుంది. చెవులు ఓసారి పరీక్ష చేద్దాం రారా అంటే బుడ్డోడు వచ్చి, ఆ గదిలో కూర్చుని, హెడ్‌ఫోన్ పెట్టించుకున్నాడు.

మొదట నిజంగానే శబ్దాలు పంపింది. వేలు లేచింది. తగ్గించింది. లేచింది. మామూలుగా అందరూ ఇక వినిపించట్లేదనే చోట కూడా వాడి వేలు లేచింది. ఆవిడ కాగితం మీద గుర్తులు పెట్టుకుంటూ పోయింది. ఆ తర్వాత మీటల మీంచి చెయ్యి తీసేసి ఒళ్లో పెట్టుకుంది.

అద్దంలోంచి చూస్తూ కూర్చుంది. బుడ్డోడు కళ్లు మూసుకున్నాడు. పది సెకన్లు గడిచాయి. ఇరవై గడిచాయి. అక్క మనసులో ఆశ మెల్లగా తలెత్తింది. అప్పుడు వేలు లేచింది.

మిషన్ వైపు చూసుకుంది. శబ్దం పంపితే వెలిగే దీపం వెలగలేదు. వేలు దిగింది. మళ్లీ లేచింది. ఈసారి దిగలేదు, అలాగే నిలబడిపోయింది. అది దొంగవేలు కాదు. దొంగవేలైతే ముందు కళ్లు తెరిచి ఆవిడ వైపు చూడాలి. వాడు చూడలేదు. వింటున్న మనిషి ఎలా వేలెత్తుతాడో పధ్నాలుగేళ్లుగా చూస్తున్న మనిషి కాబట్టి ఆవిడకు అనుమానానికి కూడా తావు లేకపోయింది. చెప్పుకోవడానికి సిగ్గుచేటు గాని, ఒక్క క్షణం తనకూ ఏమైనా వినిపిస్తుందేమోనని ఖాళీ దుకాణంలో ఆవిడ కూడా చెవులు రిక్కించింది.

తలుపు తీసేసరికి బుడ్డోడి చెంపలు తడిసి ఉన్నాయి.

"ఇక్కడ ఇంకా బాగా వినిపిస్తోందక్కా. ఇంట్లో అయితే ఫ్యాను చప్పుడు, బావ దగ్గు, వీధిలో బండ్లు అడ్డం వస్తుంటాయి. ఇక్కడ ఏ అడ్డమూ లేదు."

చెవిలో హోరు అంటూ రోజూ ఎంతమంది వస్తారు ఆవిడ దగ్గరకు! నిశ్శబ్దంలో కూర్చోకండి, నిశ్శబ్దంలో అది పెరుగుతుంది, పక్కన రేడియో అయినా పెట్టుకోండి అని వాళ్లందరికీ చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతుంది. అలా చెప్పే మనిషి సొంత తమ్ముణ్ని తీసుకొచ్చి, ఊళ్లోకెల్లా నిశ్శబ్దమైన చోట కూర్చోబెట్టి, పైగా తలుపు కూడా మూసింది.

అక్కడితో అయిపోలేదు. అలవాటు కొద్దీ కాగితం అడుగున, 'వినికిడిలో ఏ లోపమూ లేదు' అని రాసి సంతకం కూడా పెట్టేసింది. బుడ్డోడు దాన్ని అడిగి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు.

"నా చెవుల్లో తప్పు లేదని నువ్వే రాశావు కదక్కా. అంటే నేను విన్నది ఉన్నదే. ఇంక డాక్టరెందుకు?"

లెక్కల మాస్టారు కదా, రెండు మెట్లలో రుజువు చేసేశాడు. సోమవారం ఒక గుడ్డు పెంకు మీద సన్నటి బీట కనిపించిందని గుడ్లు తినడం కూడా మానేశాడు. ఇక మిగిలినవి అరటిపళ్లు.

మంగళవారం అక్క దుకాణంలోంచి ఆసుపత్రికి ఫోన్ చేసింది. గురువారం వస్తామని చెప్పడానికి కాదు, ఎలా తీసుకురావాలో అడగడానికి. ఫోన్ తీసిన నర్సు గొంతు బాగా అలసిపోయిన గొంతు. అయినా అంతా వింది.

"అతనికి వినిపించట్లేదని రుజువు చెయ్యాలని చూశారా అమ్మా?"

"చూశానండీ."

"అందరూ చూస్తారు. వినిపించట్లేదని మాత్రం అనకండి, అతనికి వినిపిస్తోంది. అలాగని మీకూ వినిపిస్తోందని అబద్ధం ఆడొద్దు. వాదన పక్కన పెట్టండి. అతనెలా ఉన్నాడో అడగండి. నిద్రపోతున్నాడా? భయపడుతున్నాడా? ప్రాణం తీసుకుంటానన్నా, ఎవరినైనా ఏమైనా చేస్తానన్నా గురువారం దాకా ఆగకండి, ఆ నిమిషమే తీసుకొచ్చెయ్యండి."

ఫోన్ పెట్టేశాక అక్క లెక్క చూసుకుంది. ఈ రెండు నెలల్లో, ఏం వినిపిస్తోంది, ఎక్కణ్నుంచి వినిపిస్తోంది అని వందసార్లు అడిగింది. ఎలా ఉన్నావురా అని ఒక్కసారి కూడా అడగలేదు.

బుధవారం మధ్యాహ్నం సెలవు పెట్టి ఇంటికొచ్చి వెనక గది గుమ్మంలో నేల మీద చతికిలబడింది. బుడ్డోడు మంచం మీద మోకాళ్లు ముడుచుకుని ఉన్నాడు.

"ఒరేయ్, ఆదివారం నేను చేసింది తప్పు. నిన్ను పరీక్షించడానికి తీసుకెళ్లలేదు, ఓడించడానికి తీసుకెళ్లాను."

వాడు మోకాళ్లను ఇంకా దగ్గరకు లాక్కున్నాడు.

"నాకు వినిపించడం లేదు. నీకు వినిపిస్తోంది. నువ్వు అబద్ధం చెప్పట్లేదని నాకు తెలుసు. ఇక దాని గురించి నీతో వాదించను. నిద్ర పడుతోందా?"

ఆ ప్రశ్నకు వాడు తలెత్తి చూశాడు. కళ్ల కింద నల్లగా గుంటలు పడ్డాయి.

"సరిగ్గా పడుకుని పదకొండు రోజులైంది. కన్ను మూస్తే దగ్గరకొస్తుంది."

"భయమేస్తోందా?"

"చాలా" అన్నాడు. ఆ చాలా అన్నప్పుడు మాత్రం నిజంగా బుడ్డోడిలాగే ఉన్నాడు.

"చచ్చిపోవాలనిపిస్తోందా?" నర్సు మాట గుర్తొచ్చి అడిగింది.

"లేదు. పడుకోవాలనిపిస్తోంది."

"రేపు నిద్ర గురించే అడుగుదాం. గోడ సంగతి నీకిష్టమైతే చెప్పు, లేకపోతే లేదు. నిన్నెవరూ పట్టుకోరు. నీ పక్కన నేను నడుస్తాను."

"వస్తాను, కానీ డాక్టరు గదిలోకి నువ్వు రాకూడదు" అన్నాడు. సరే అంది. ప్రాణం చివుక్కుమంది గాని ముఖంలో కనబడనివ్వలేదు.

గురువారం డాక్టరమ్మ గది బయట, కాలు విరిగిన బెంచీ మీద అక్క నలభై నిమిషాలు కూర్చుంది. లోపలి మాటలు వినిపించలేదు. ఎవరి చెవులు ఎంతవరకు వింటాయో కొలిచే మనిషి, ఒక మామూలు చెక్కతలుపు ముందు ఏమీ వినలేక కూర్చుంది. తనకు చెప్పనిది డాక్టరమ్మకేం చెబుతున్నాడో అని లోలోపల అసూయ కూడా పడింది. అప్పుడు తలుపు తెరుచుకుంది.

"లోపలికి రండి. మీకు చెప్పడానికి ఆయన ఒప్పుకున్నారు" అంది డాక్టరమ్మ. "మీరే చెబుతారా, నన్ను చెప్పమంటారా?" అని వాణ్ని అడిగింది.

బుడ్డోడు నేలనే చూస్తున్నాడు. "అక్కా, ఆ గొంతు నీదే."

అక్కకు ముందు అర్థం కాలేదు.

"అచ్చం నువ్వు మాట్లాడినట్టే ఉంటుంది. నువ్వే నన్ను బుడ్డోడా అని పిలుస్తావు. పిలిచి, ఇవాళ కూరలో కలిపాను, తిను, పీడ వదులుతుంది అంటావు. కాసేపటికి తలుపు కొట్టి, అన్నం తిందువు రారా అంటావు. ఏది నువ్వో నాకు తెలియదు. చాలాసార్లు నువ్వు కాదనే అనుకుంటాను. ఒక్కోసారి నువ్వేననిపిస్తుంది. చెబితే బాధపడతావని చెప్పలేదు."

నేను కాదురా అందామని నోరు తెరిచింది అక్క. మాట బయటకు రాలేదు. వస్తే ఏ గొంతుతో వస్తుంది? ఆ గొంతుతోనే కదా. రెండు నెలలుగా తనను విషం పెట్టే మనిషిగా వింటూ కూడా, తను తలుపు కొట్టిన ప్రతిసారీ వీడు లేచొచ్చి తలుపు తీశాడు.

డాక్టరమ్మ మందులు రాసింది. పనిచెయ్యడానికి వారాలు పట్టొచ్చు, నిద్ర మాత్రం ముందు వస్తుంది, మీ అంతట మీరు వాటిని ఆపొద్దు, వచ్చే గురువారం మళ్లీ రండి, అరటిపళ్లు తింటే అరటిపళ్లే పెట్టండి అంది. అక్క అన్నిటికీ తలూపింది. మాత్రలు కొన్నప్పుడూ మాట్లాడలేదు, బస్సెక్కాకా మాట్లాడలేదు. పక్కపక్కనే కూర్చున్నారు. ఆ గొంతుతో ఇంకొక్క మాట కూడా వాడి చెవిన పడకూడదని ఆవిడ పెదాలు బిగించుకుని కూర్చుంది. ఇక ఇంట్లో సైగలతో నెట్టుకురావాలి, చీటీలు రాసి పెట్టాలి, బావ చేత పిలిపించాలి అని ఆలోచిస్తోంది. రెండు స్టాపులు గడిచాయి.

బుడ్డోడు ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాడు.

"అక్కా, మాట్లాడు. నువ్వు మాట్లాడకపోతే అదొక్కటే మాట్లాడుతుంది."

ఆవిడ సీట్లో పూర్తిగా వాడివైపు తిరిగి కూర్చుంది, తన పెదాలు కదలడం వాడికి కనిపించేలా.

"ఇది నేనురా" అంది. "చూడు, ఇది నేను. అదిగో చెప్పుల దుకాణం. పక్కన రంగు వెలిసిపోయిన బోర్డు, మంగలి షాపు. ఎదురు సీటాయన బట్టతల మీద ఈగ వాలింది, ఆయనకు తెలియదు. ఇప్పుడు ఎగిరింది. మళ్లీ వాలింది." వాడు ఆవిడ నోటివైపే చూస్తున్నాడు. ఆపితే ఆ గొంతు వెంట పోతాడేమోనన్నట్టు ఆవిడ ఆపకుండా చెబుతూనే ఉంది, కనబడిన బోర్డులన్నీ, ఎక్కిన మనుషులందరినీ, దిగాల్సిన స్టాపు దాటిపోయిన సంగతితో సహా.