జర ఆగుండ్రి, వస్తున్న

నిరోష చేనుకు ఎప్పుడూ అందరికన్నా వెనకే పోయేది. మిగతా ఆడవాళ్లు పొద్దున ఏడింటికే ఆటో ఎక్కి బాలస్వామి సీడ్ పత్తి చేనుకు చేరుకుంటే, ఈమె అత్తకు జొన్నరొట్టెలు చేసి, బర్రెకు నీళ్లు పెట్టి, జడ వేసుకుని, నచ్చక మళ్లీ విప్పి వేసుకుని, పది దాటినాక తీరిగ్గా నడుచుకుంటూ వచ్చేది. వేరే ఎవరైనా అయితే బాలస్వామి గెట్టు మీద నుంచే ఇంటికి తోలేసేవాడు. నిరోషను మాత్రం ఏమీ అనేవాడు కాదు. నిరోష వరుసలో మొగ్గలు ఆగుతాయి మరి.

గద్వాల చుట్టుపక్కల ఈ క్రాసింగ్ పని ఎరగనివాళ్లు లేరు. బయటివాళ్ల కోసం చెప్తున్నా. రేపు విచ్చుకోబోయే ఆడమొగ్గను ఇవాళ సాయంత్రమే వెతికి పట్టుకోవాలి. బొటనవేలి గోరుతో చీల్చి, లోపలి మగ పోగులను గిల్లి పారేసి, గుర్తుకు ఎర్ర కాగితం ముక్క తొడగాలి. తెల్లారి మగ వరుసలో పూలు తెంపుకొచ్చి, వాటి పుప్పొడిని ఆ ఎర్ర కాగితం మొగ్గలకు అద్దాలి. మొగ్గ నడుమ ఉండే లేత పుల్ల పొద్దున పూట తడిగా, జిగటగా ఉంటుంది. పన్నెండు దాటిందంటే ఎండిపోతుంది. ఆ తర్వాత ఎంత అద్దినా కాయ పట్టదు.

నిరోష మాత్రం గెట్టు మీద కాలు పెట్టకముందే, దూరం నుంచే "జర ఆగుండ్రి, వస్తున్న" అని ఒక కేక వేసేది. మొగ్గలు అట్లాగే తడిగా ఆగేవి. ఒక ఏడు ఆమెకు రెండు రోజులు జ్వరమొచ్చింది. మంచంలో పడుకునే ఆ మాట అన్నది. మూడో రోజు మధ్యాహ్నం పోయి చూస్తే మొగ్గలు అప్పుడే తయారైనట్టు తడితడిగా ఉన్నాయి. బాలస్వామి వంగి చూసి, సరే కానీ అని, మరుసటి రోజు నుంచి ఆమెకు కాలువ పక్కన, అందరూ ఆఖరున చేరే దూరం వరుసలు ఇచ్చాడు. పక్క వరుస రేణుక తమ్ముడి పెండ్లికి పోతూ, నా మొగ్గలకు కూడా ఒక మాట చెప్పు అని బతిమాలింది. చెప్పింది కానీ అవి వినలేదు. ఎవరి వరుస వాళ్లదే కదా. రేణుక నాలుగు రోజులు మూతి ముడుచుకుని తిరిగింది.

అన్నీ ఆగేవి గానీ ప్రదీప్ సెలవులే ఆగేవి కావు. ప్రదీప్ నిరోష మొగుడు. పూణెలో సెంట్రింగ్ పని. పెండ్లయి మూడేండ్లయినా ఇద్దరూ కలిసి ఉన్న రోజులు లెక్కేస్తే నాలుగు నెలలు కూడా రావు. వస్తే మూడు రోజులు, పోతే రెండు నెలలు. ఇంక పిల్లలెట్లా అవుతారు? పెంటమ్మ, అంటే నిరోష అత్త, కోడలిని ఒక్క మాట అనేది కాదు. అడిగినవాళ్లకు, నా కొడుకు ఫోన్ల ఉన్నడు, ఫోన్ల పిల్లలు పుడితే మీకే ముందు చెప్త అని జవాబిచ్చేది.

ఆ శ్రావణంలో ప్రదీప్ ఫోన్ చేసి కొత్త సంగతి చెప్పాడు. దసరా దాటినాక మేస్త్రీ తమ గుంపును అస్సాంలో సొరంగం పనికి తీసుకుపోతున్నాడట. రెండేండ్ల ఒప్పందం. ఏడాదికొక్కసారే ఇల్లు. నిరోష ఫోన్ పెట్టేసి వేళ్లు మడిచి చూసుకుంది. దసరాకు ముందు రెండు నెలలున్నాయి. అంటే రెండే రెండు అవకాశాలు. ఆమెకు ముప్పై దగ్గరపడుతున్నాయి. బిడ్డ కావాలని ఆమెకు గుండె నిండా ఉంది. ఎవరి ముందూ అనలేదు గానీ, ఆ రోజు బర్రె ముందు కూర్చుని బాగా ఏడ్చింది.

తెల్లారి సబ్‌సెంటర్‌కు పోయింది. అక్కడ నర్సు హెప్సిబా పదిహేనేండ్లుగా ఈ ఊరి కడుపులన్నీ చూసింది. సిగ్గుపడేవాళ్ల సిగ్గు రెండు నిమిషాల్లో పోగొడుతుంది. మొగుడు దూరం ఉన్నప్పుడు ఏ రోజు రమ్మనాలో నీ ఒళ్లే చెప్తది, చూసుకోవడం నేర్చుకో అన్నది. నెలసరి ఆగినాక రోజూ ఒకే వేళకు, చేతులు సబ్బుతో బాగా కడుక్కుని, గొంతుక్కూర్చుని, నడిమి వేలితో లోపల గర్భసంచి మూతిని మెల్లగా తాకి చూడాలి. మామూలు రోజుల్లో అది కిందికి, గట్టిగా, మూసుకుని ఉంటుంది. ముక్కుకొన తాకినట్టే. కడుపు నిలిచే కాలం దగ్గరపడితే మెత్తబడి పెదవి లెక్క అవుతుంది, పైకి పోతుంది, కొంచెం తెరుచుకుంటుంది, కోడిగుడ్డు తెల్లసొన లాంటి తడి కనబడుతుంది.

నిరోష ముందు తన ముక్కు తాకి చూసుకుంది, తర్వాత పెదవి తాకి చూసుకుంది. ఎదురుగా బీపీ చూపించుకోవడానికి వచ్చిన ముసలాయన ఈమె ఏం చేస్తుందో అర్థంకాక తానూ ముక్కు పట్టుకున్నాడు.

ఇదొక్కటే నమ్ముకోకు, తారీఖులు కూడా రాసుకో, అయినా కాకపోతే ఇద్దరూ కలిసి దవాఖానకు పోయి పరీక్షలు చేయించుకోవాలె అని కూడా హెప్సిబా చెప్పింది. చివరికి నిరోష చేతులు పట్టుకుని చూసి అదిరిపడింది. క్రాసింగ్ చేసే చేతులు, గోర్లు కత్తుల్లాగున్నాయి. నిరోష ఇంటికొచ్చి నడిమి వేలి గోరు మొదలంటా కత్తిరించింది. బొటనవేలిది మాత్రం ఉంచుకుంది. బాలస్వామి కూలి దాని మీదే నడుస్తుంది.

ఆమెకు పట్టు దొరకడానికి వారం కూడా పట్టలేదు. పదేండ్లుగా వేలికొసతో రేపటి మొగ్గను ఎల్లుండి మొగ్గ నుంచి విడదీసిన మనిషి. తడికెల స్నానాల గదిలో రోజూ పొద్దున చూసుకునేది. మెత్తబడిన రోజు క్యాలెండర్ మీద ఎర్ర కాగితం ముక్క అంటించింది, చేనులో అంటించే కాగితమే. పెంటమ్మ దాన్ని చూసింది. పెద్దమందడిలో ఉన్న తన చెల్లెలికి ఫోన్ చేసి, నాకు ఒంట్ల బాగలేదు, నాలుగు దినాలు మీ ఇంటికొస్త అన్నది. ఆమె ఒంటికి ఏ రోగమూ లేదు.

అయితే మొదటి నెల నిరోష ఒక తప్పు చేసింది. పత్తి చేను మనిషి తప్ప ఇంకెవరూ చేయలేని తప్పు. చేనులో మొగ్గ పూర్తిగా తయారైనాకే పుప్పొడి అద్దుతారు. తొందరపడితే కాయ నిలవదు. ఆమె కూడా అట్లాగే, మెత్తబడినా ఊరుకుంది. మూతి బాగా తెరుచుకుని తడి నిండుగా కనబడే దాకా రెండు రోజులు చూసి, అప్పుడు ప్రదీప్‌కు ఫోన్ చేసింది. అతను సెలవు అడిగి, రైల్లో రాయచూరు దిగి, గద్వాల బస్సెక్కి ఇల్లు చేరేసరికి ఇంకో రెండు రోజులు. ఆ పొద్దున నిరోష తాకి చూస్తే కిందికి దిగి, గట్టిబడి, మూసుకుపోయింది. ముక్కుకొనే. పాపం, నాటుకోడి కూర తిని, అత్తగారింటికి వచ్చిన కొత్తల్లుడి లెక్క రెండు రోజులు కూర్చుని పోయాడు.

హెప్సిబా ఈ మాట విని తల పట్టుకుంది.

"ఇది పత్తి లెక్క కాదు, నిరోషా. మగ విత్తనం లోపల మూడు నాలుగు దినాలు బతుకుతది. ఆడ విత్తనం ఒక్క దినమే. ఒక్క దినానికే వచ్చేటామె కోసం ఆయన ముందుగాల్నే పోయి కూసోవాలె. మెత్తబడంగనే ఫోన్ చెయ్యి."

రెండో నెల మెత్తబడిన పొద్దుననే ఫోన్ చేసింది. ఎర్ర కాగితం అంటించింది. పెంటమ్మ సంచీ సర్దుకుని మళ్లీ రోగం తెచ్చుకుని బస్సెక్కింది. ప్రదీప్ రేపే బయలుదేరుతా అన్నాడు. ఆ రేపు వచ్చింది, అతను బయలుదేరలేదు. పూణెలో వాన. నిన్న పడాల్సిన స్లాబు ఆగిపోయింది. స్లాబు పడకుండా ఒక్కడిని కూడా కదలనిచ్చేది లేదన్నాడు మేస్త్రీ. ఎట్ల చూసినా ఇంటికి చేరేది ఇంకో నాలుగు రోజులకే. ఫోన్‌లో ప్రదీప్, పరేషాన్ కాకు, దేవుడున్నడు అన్నాడు. దేవుడు ఉన్నాడు సరే, రైలు ఉండొద్దా అనుకుంది నిరోష.

తెల్లారి స్నానాల గదిలో తాకి చూసుకుంది. మెత్తగా ఉంది, పైకి పోయింది, తెరుచుకుంది. తడి నిండుగా ఉంది. ఇవాళో రేపో అంతే, ఆ తర్వాత మూసుకుంటుంది. మూసుకుంటే రెండేండ్లు. ఆమెకు భయమేసింది. తడికె సందుల్లోంచి ఎండ పడుతుంటే, నీళ్ల చెంబు పక్కన అట్లాగే కూర్చుని, ఎవరితో మాట్లాడుతుందో ఆలోచించకుండానే నోరు తెరిచింది.

"జర ఆగు. వస్తుండు."

కాళ్లు కడుక్కుని, రొట్టె కట్టుకుని, ఎప్పటిలాగే పది దాటినాక చేనుకు పోయింది. గెట్టు దగ్గర ఎప్పటి కేక వేసింది. కాలువ పక్క వరుసలోకి వంగి మొదటి ఎర్ర కాగితం తీసి చూస్తే లోపలి పుల్ల అప్పుడే వాడిపోతూ ఉంది. రెండోది తీసింది. అదీ అంతే. పన్నెండయ్యేసరికి వరుసంతా ఎండిపోయింది, అందరి వరుసల్లాగే. అంతలోపే రేణుక తన పని ఆపి వచ్చి చూసి, ఆమె చేతిలోని మగ పూలు సగం తీసుకుని, ఇంకా కొంచెం తడి ఉన్నవాటికి తానూ అద్దింది. సాయంత్రం బాలస్వామి ఎండిన మొగ్గలను చూసుకుంటూ వరుస చివరి దాకా నడిచి వచ్చాడు.

"రేపటి నుంచి అందరితోని పాటు ఆటోల రా, నిరోషమ్మా," అన్నాడు. "ఇవి ఇంక ఆగవు."

నిరోష తల ఊపింది. ఇంటికి పోతుంటే దారి పొడుగునా ఆమెకు నవ్వు ఆగలేదు. ఒక వరుస పాడైందన్న బాధ ఉన్నా నవ్వొచ్చింది. మొగ్గలు ఆగడం మానేశాయంటే, ఆగాల్సింది ఇంకెక్కడో ఆగిందన్న మాట.

మరుసటి పొద్దున ఆరింటికే లేచి తాకి చూసింది. నిన్న ఎట్లా ఉందో అట్లాగే ఉంది. ఆ మరుసటి రోజూ అంతే, మెత్తగా, తడిగా, తెరుచుకుని. చేనుకు పోతూ సబ్‌సెంటర్ దగ్గర ఆటో ఆపించి హెప్సిబాకు చెప్పింది. ఆమె కళ్లద్దాలు సర్దుకుని, మంచిగైంది, ఆయన ఎప్పుడొస్తుండు అని ఒక్క మాట అడిగి రిజిస్టర్‌లో రాసుకుంది. పెద్దమందడి నుంచి పెంటమ్మ మాత్రం రోజుకు రెండుసార్లు ఫోన్ చేసేది.

"వచ్చిండా? రాలేదా? మా చెల్లె కోడలు కూరల ఉప్పు ఎయ్యదు బిడ్డా. ఇంక ఎన్ని దినాలు నాకు రోగం ఉండాలె?"

నాలుగో రోజు పొద్దున పదకొండింటికి ప్రదీప్ దిగాడు. చొక్కా మీద స్లాబు సిమెంట్ మరకలు ఇంకా ఉన్నాయి. నిరోష ఆ రోజు చేనుకు పోలేదు. రేణుక ఎవరూ అడగకుండానే ఆమె వరుస కూడా చేసింది, బాలస్వామి ఎందుకని అడగలేదు. ఆ ఇంటి తలుపు మధ్యాహ్నం దాకా తెరవలేదు. ఇంతకన్నా చెప్పడం బాగుండదు. ప్రదీప్ మూడు రోజులున్నాడు. పోయేనాటి పొద్దున నిరోష తాకి చూసుకుంది. కిందికి దిగింది, గట్టిబడింది, మూసుకుంది. ఆగమన్నంత కాలమే ఆగింది.

దసరాకు ముందే హెప్సిబా గర్భం పరీక్ష పట్టీ పెట్టి చూసి రెండు గీతలు చూపించింది. పెంటమ్మ ఆ పట్టీని తీసుకుపోయి బర్రెకు కూడా చూపించింది. ప్రదీప్ అస్సాం పోయాడు. ఆ రాత ఎవరూ మార్చలేదు. కానీ అతను వెళ్లింది ఖాళీ ఇంటిని వదిలి కాదు. జ్యేష్ఠంలో గద్వాలలో ఆడపిల్ల పుట్టింది. పిల్ల ఏడుపు అస్సాం దాకా ఫోన్లో వినిపించారు. అవతల సొరంగం పనివాళ్లంతా పని ఆపి విన్నారట.

మళ్లీ క్రాసింగ్ రోజులొచ్చాయి. ఇప్పుడు నిరోష పొద్దున ఏడింటి ఆటోలో అందరికన్నా ముందు ఎక్కుతుంది. రెండు నెలల పిల్లను చంకన వేసుకుని పెంటమ్మ వెనక ఎక్కుతుంది. గెట్టు మీది వేపచెట్టుకు చీర ఉయ్యాల కట్టి, నాయనమ్మ ఊపుతుంటే నిరోష వరుసలోకి దిగుతుంది. మొగ్గలు ఎవరి కోసమూ ఆగవు, చేతులు పరుగెత్తాలి.

ఒక పొద్దున సగం వరుసలో ఉండగా ఉయ్యాలలోంచి పిల్ల ఏడ్చింది. ఆకలి. ఇంకో పది మొగ్గలుంటే వరుస అయిపోతుంది. నిరోష తల ఎత్తకుండా పాత అలవాటు మీద కేక వేసింది.

"జర ఆగు బిడ్డా, వస్తున్న!"

పిల్ల ఆగలేదు. చేనంతా వినబడేలా ఇంకా గట్టిగా అందుకుంది. ఆడవాళ్లంతా నడుములెత్తి నవ్వారు. పెంటమ్మ ఉయ్యాల ఆపి, ముసిముసిగా నవ్వుతూ కోడలి వైపు చూసింది.

"ఎందుకు ఆగుతది? ఆగాల్సినంత నీ కడుపుల్నే ఆగి వచ్చింది. నువ్వే రా."

నిరోష చేతిలోని మగ పూలు రేణుక కొంగులో పడేసి, పత్తి కొమ్మలు పక్కకు తోసుకుంటూ గెట్టు వైపు పరుగెత్తింది.