ఇద్దరు ఐలయ్యలు

ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులవి. బయట రైళ్లు లేవు, బస్సులు లేవు. లోపల, ఆఫీసులో, నాకు సెలవు లేదు. కాంట్రాక్టు పనివాళ్ల వివరాలన్నీ కార్మిక చట్టాల లెక్కలు చూసే కొత్త కంప్లయన్స్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించే పని నా నెత్తిన పడింది. సోమవారం నుంచి అందులో పేరున్నవాళ్లకే గేటు పాసు. ఎన్నిసార్లు ఇంపోర్ట్ నొక్కినా ఒకటే ఎర్రర్: ఈ మనిషి ఇదివరకే ఉన్నాడు.

ఐలయ్య, తండ్రి పోచయ్య, పుట్టింది జనవరి ఒకటి. రెండు వరుసల్లోనూ అవే వివరాలు, సంవత్సరంతో సహా. పుట్టిన రోజు తెలియని వాళ్లందరికీ కాంట్రాక్టరు గుమస్తా జనవరి ఒకటే, సంవత్సరం కూడా తనకు తోచిందే రాసి పారేశాడు.

మా మేనేజరు భీమేశ్వరరావుగారికి ఇలాంటివి దొరికితే పండగే. "ఒకే మనిషికి రెండు హాజర్లండీ! రెండోది తీసేయండి. సాయంత్రానికి ఫైలు వెళ్లిపోవాలి."

తీసేయడానికి ఒక్క మీట నొక్కితే చాలు. కానీ ఆ రెండోవాడు మా గేటు దగ్గర కాపలా కాస్తున్నాడు. పిలిపించాను.

"నేను చిన్న ఐలయ్యను మేడం. రాత్రి డ్యూటీ చేసేది మా అన్న, పెద్ద ఐలయ్య. మా నాయిన ఐలోని ఊర్ల మల్లన్న దేవునికి మొక్కుకుంటె పుట్టినం. ఇద్దరికీ ఆ ఐలోని దేవుని పేరే పెట్టిండు." అతను కంప్యూటరు తెర వైపు చూశాడు. "నా పాసు తీసేస్తరా? కొలువు పోతే పిల్లల్ని తోలుకొని ఊరికి పోవాలె."

భీమేశ్వరరావుగారు నవ్వారు. "అన్నదమ్ములకి ఒకే పేరు ఎవరు పెడతారండీ? కట్టుకథ."

నాకు ఒళ్లు మండింది. "మా జమ్మలమడుగులో పెడతారు సార్. మా పెదనాయన పెద్ద ఓబులేసు, మా నాయన చిన్న ఓబులేసు. మా నాయన కట్టుకథా?"

"అయితే ఇద్దర్నీ ఒకేసారి చూపించండి" అన్నారాయన, మెట్టు దిగకుండా.

చిన్న ఐలయ్య అన్నకు ఫోన్ చేశాడు. పొద్దున డ్యూటీ దిగి లింగంపల్లిలో ఇంటి దాకా నడిచి వెళ్లిన మనిషి, కునుకు కూడా తీయకుండా మళ్లీ నడిచి వచ్చాడు. వచ్చి తమ్ముడి పక్కన నిలబడ్డాడు. అదే ముక్కు, అవే చెవులు, అన్న తల మాత్రం నెరిసింది. భీమేశ్వరరావుగారు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, తన కుర్చీ పెద్ద ఐలయ్య వైపు జరిపి, మంచినీళ్లు తెప్పించారు. అంతకు మించి క్షమాపణ అడగడం ఆయనకు చేతకాదు.

పేరూ పుట్టిన తేదీ కాకుండా గుర్తింపు కార్డు నంబరుతో మనిషిని గుర్తుపట్టేలా సాఫ్ట్‌వేర్‌లో మార్చాను. గుమస్తా ఎగరగొట్టిన 'పెద్ద', 'చిన్న' మాటలు కూడా పేర్ల ముందు చేర్చాను. పెద్ద ఐలయ్య గ్లాసు కింద పెట్టి జంకుతూ అన్నాడు.

"ఇద్దర్ని ఒక్కటి చేస్తె ఒకడు మాయమైతుండు మేడం. జర వేరువేరుగ రాయిండ్రి. వేరైతే ఏంది, అన్నదమ్ములం కాకుండ పోతమా?"

కింద రోడ్డు మీద ప్రత్యేక రాష్ట్రం నినాదాలతో సమ్మె ఊరేగింపు పోతోంది. భీమేశ్వరరావుగారు కిటికీ వైపు తిరిగారు.

"వేరుగానే రాసినాను అన్నా" అని ఇంపోర్ట్ నొక్కాను. ఇద్దరూ ఎక్కారు.