తిరిగొచ్చిన రొట్టె పళ్ళెం

ఆ ఆదివారం, చర్చి జీతంతో ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే బైబిలమ్మను సంఘం అందరి ముందూ దోషిలా నిలబెట్టారు. వీధులూడ్చే పిల్ల ఒకతె జ్వరంతో చనిపోతే, పాస్టరు ఎవరిదో పెళ్ళి ఉందని రాలేదు. శవాన్ని ఎంతసేపని ఉంచుతారు? బైబిలమ్మే వాక్యం చదివి, ప్రార్థన చేసి మట్టి చేయించింది. ఆడది భూస్థాపన చేయడం నేరమట. తప్పు ఒప్పుకునేదాకా ఆమెకు ప్రభుబల్ల లేదు, అంటే చర్చిలో అందరికీ పంచే రొట్టె ఆమెకివ్వరు. ఒప్పుకోకపోతే పనీ, చర్చి ఇచ్చిన గదీ రెండూ పోతాయి.

ముందు వరసలో సంఘపెద్దలు తలలూపారు. జ్వరమని మొత్తుకున్నా ఆ పిల్లకు సెలవివ్వని కాంట్రాక్టరూ వాళ్ళలో ఉన్నాడు. తెల్లచొక్కాలో వాణ్ణి చూసి, ఆడవాళ్ళ వైపు కూర్చున్న కుట్టుపని చేసే అక్క మొహం తిప్పుకుంది. ఛీ, ఇదా పరిశుద్ధత!

ప్రభుబల్ల రొట్టె కాల్చేది ఆడవాళ్ళే, అదీ అక్క ఇంట్లోనే. ఈసారి పిండి కలుపుతూ వాదులాడుకున్నారు. పక్కవీధి చర్చిలో ఆడ పాస్టరు ఉంది, అక్కడికే పోదామంది వాళ్ళలో ఉన్న నర్సు. ఆ చర్చికే వెళ్ళే అక్క తోటికోడలు మూతి తిప్పింది.

"ప్రసంగం ఆవిడదే అక్కా. కమిటీ అంతా మగాళ్ళే. వాళ్ళు ఊ అంటేనే ఆవిడ నోరు తెరవాలి."

కథోలికుల పెద్ద చర్చిలో సిస్టర్లు బడీ ఆసుపత్రీ నడుపుతారు గానీ, పూజ మాత్రం ఫాదరే చెయ్యాలని ఇంకొకామె అంది. ఎక్కడికి పోయినా చాకిరీ మనది, పెత్తనం వాళ్ళదని అక్కకు ఒళ్ళు మండింది. అప్పటిదాకా మూల కూర్చున్న చనిపోయిన పిల్ల తల్లి నోరు విప్పింది.

"ఆమె ప్రార్థన చేస్తే ఆమెన్ అన్నది మనమే కదా. తప్పైతే అందరిదీ."

అంతే, మాట ఖాయమైంది.

తర్వాతి ఆదివారం రొట్టె పళ్ళెం మగవాళ్ళ బల్లలు దాటి ఆడవాళ్ళ వైపు వచ్చింది. ఆ తల్లి అందుకుని, ముక్క తీసుకోకుండా పక్కామెకు ఇచ్చింది. ఆమె నర్సుకు, నర్సు అక్కకు. ఒక్కరూ ముట్టలేదు. పళ్ళెం అలాగే తిరిగొచ్చేసరికి పాస్టరు మొహం కందగడ్డయింది. ఇదేం తిరుగుబాటని గద్దించాడు.

అక్క లేచింది. "ఆమెకు లేని బల్ల మాకూ వద్దండి. మేమూ ఆమెన్ అన్నాం."

మగవాళ్ళ బల్ల మీద నుంచి మురుగుకాలవలు తీసే ఒకాయన లేచి, చేతిలోని ముక్కను తెచ్చి పళ్ళెంలో వేశాడు. వెనకే ఇంకొకడు. కాంట్రాక్టరు పోలీసులను పిలుస్తానని అరిచాడు.

"పిలవండి," అంది అక్క. "బండి మాత్రం పెద్దది తెమ్మనండి."

బైబిలమ్మ చివరి బల్ల నుంచి లేచి ముందుకు నడిచింది. ఆడవాళ్ళంతా ఆమె చుట్టూ నిలబడ్డారు. పాస్టరే విరవాల్సిన రొట్టెను పళ్ళెంలోంచి తీసి ఆమె విరిచి, మొదటి ముక్క ఆ తల్లి చేతిలో పెట్టింది.