అటు నీళ్ళు, ఇటు నర్సు

నేను ఒక పసుపుపచ్చ ప్లాస్టిక్ క్యాన్‌ని. ఇరవై లీటర్లు పడతాను. నా దగ్గర తీపి మాటలు ఆశించకండి. మలావీకీ జాంబియాకీ మధ్యనున్న ఒక గేటు దగ్గర, మలావీ పోలీసుల రేకుల షెడ్డులో ఉంటున్నాను. కార్లలో వచ్చే పెద్దమనుషులు ఇక్కడ దిగి ఒళ్ళు విరుచుకుని, "జాంబియా కాస్త నయం, మలావీయే బాగా వెనకబడింది" అని తేల్చేసి మళ్ళీ కారెక్కేస్తారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండిపోతుంది. రెండు దేశాల నీళ్ళూ మోసినదాన్ని, నన్నడగరే!

జాంబియాలో ఒక ఫ్యాక్టరీలో నన్ను పోతపోసి, వంటనూనె నింపారు. నూనె అయిపోయాక అక్కడి చిపాటా ఊరి సంతలో ఖాళీ క్యాన్ల గుట్టలో పడేస్తే ఎస్నాతి ఏరి కొనుక్కుంది. ఎస్నాతిది మలావీ, ఆమె చెల్లెలు నేలియాది జాంబియా. ఒకే కడుపున పుట్టారు, ఒకే చేవా భాష మాట్లాడతారు. ఇద్దరి ఇళ్ళ మధ్యా ఒక మొక్కజొన్న చేను, ఆ చేలో కంటికి కనపడని సరిహద్దు. ఎవరో ఎప్పుడో గీత గీసి చేతులు దులుపుకుని పోయారు.

నేలియా ఇంటి పక్కన వీధి కుళాయి ఉంది. కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు గానీ, కుళాయి తిప్పితే నీళ్ళొస్తాయి. "మా వైపు చూడక్కా!" అని ఆమె గొప్పలు పోయేది. ఎస్నాతి ఊరి ఆసుపత్రిలోనూ కుళాయి ఉంది. రిబ్బను కత్తిరించి ఫోటోలు తీసుకున్న కుళాయి. అందులోంచి నేను చూస్తుండగా ఒక్క చుక్క రాలలేదు. అందుకని కాన్పుకు వెళ్ళే ఆడది తన నీళ్ళు తానే మోసుకెళ్ళాలి. పోనీ నేలియా ఊరికి వెళ్దామా అంటే అక్కడ ఆసుపత్రే లేదు. నీళ్ళున్నచోట నర్సు లేదు, నర్సున్నచోట నీళ్ళు లేవు. వీటిలో ఏది నయమో ఆ పెద్దమనుషులే చెప్పాలి.

ఎస్నాతి కూతురు తడాలాకి నెలలు నిండాయి. ఎస్నాతి నన్ను బూడిదతో తోమి, ఎండబెట్టి, కాన్పు కోసమని విడిగా దాచింది. అంతలో ఆమె అన్న లమెకి వచ్చాడు. చేవా ఇళ్ళలో మేనమామ మాటకి తిరుగులేదు. చెల్లెలి పిల్లల పెళ్ళిళ్ళూ పేరంటాలూ అన్నీ అతని చేతిలోనే, చెల్లెలి వస్తువు తీసుకోవడానికి అడిగే పనే లేదు. మలావీలో పెట్రోలు దొరకని రోజులవి. నన్ను చంకన పెట్టుకుని చేనుకి అడ్డంపడి అటు పోయి, పెట్రోలు నింపుకొచ్చాడు. ఎస్నాతి చూసింది, నోరు మెదపలేదు. నోరు తెరవాల్సిన చోట తెరవరు ఈ మనుషులు!

పెట్రోలు అమ్ముకున్నాక సబ్బుతో కడిగి తెచ్చి, "ఇదిగో చెల్లీ, కొత్తదానిలా ఉంది" అన్నాడు. నా ఒంట్లోకి ఇంకినది సబ్బుకి పోతుందా?

పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. దారిలో ఉన్న బావి నుంచి నన్ను నింపుకుని, కూతుర్ని నడిపించుకుంటూ ఎస్నాతి ఆసుపత్రి చేరింది. నర్సు ఫాలెసి నా మూత తీసి ముక్కు మూసుకుంది.

"పెట్రోలు కంపు! దీంతో చేతులు కడుక్కుని బిడ్డను పట్టుకోమంటావా?" అని నీళ్ళన్నీ పారబోసింది. "వేరే నీళ్ళు తే అమ్మా, తొందరగా! బిడ్డ వచ్చేస్తోంది."

ఆసుపత్రి నుంచి ఆ బావి దూరం. గేటు దాటితే నేలియా వాళ్ళ కుళాయి దగ్గరే. ఎస్నాతి నన్ను పట్టుకుని పరిగెత్తింది. గేటు దగ్గర సార్జెంట్ కచాలే ఆపి నన్ను వాసన చూశాడు.

"ఓహో, పెట్రోలు బేరమా?"

"నా కూతురు నొప్పులు పడుతోందయ్యా. నీళ్ళకి పోతున్నాను."

"అందరూ చెప్పేదే ఇది!" అంటూ నన్ను లాక్కుని షెడ్డులోకి విసిరేశాడు. షెడ్డు ముందు నిలబెట్టిన అతని మోటార్‌సైకిల్ నాకు తెలుసు. లమెకి నాలోంచి పెట్రోలు పోసింది దాని ట్యాంకులోకే. నాకే గనక నోరుంటేనా!

సార్జెంట్ వెనక బల్ల మీద ఒక తెల్ల క్యాను ఉంది. పోలీసులు తాగడానికి రోజూ పొద్దున్నే అటువైపు కుళాయి నుంచి తెప్పించుకునే నీళ్ళు. నిండుగా ఉన్నాయి. ఎస్నాతి దాన్ని చూసింది. బల్ల దగ్గరికి వెళ్ళి, క్యానెత్తి నెత్తిన పెట్టుకుంది.

"ఏయ్! అవి మేం తాగే నీళ్ళు!" సార్జెంట్ అరిచాడు.

ఎస్నాతి వెనక్కి తిరగనైనా తిరగలేదు. "కాల్చండయ్యా. నెత్తిన నీళ్ళున్నాయి, పరిగెత్తలేను. మీ గురి తప్పదులే" అంది.

ఆమె నడిచింది. ఒక్కడూ కదల్లేదు.

మర్నాడు నేలియా గేటు దగ్గరికొచ్చి సార్జెంట్ ముఖం మీదే చెప్పింది, ఆడపిల్ల పుట్టిందనీ, తల్లీబిడ్డా క్షేమమనీ, తెల్ల క్యాను ఇక ఆసుపత్రిలోనే ఉంటుందనీ.

పోలీసులకి మాత్రం నీళ్ళు కావాలి కదా. షెడ్డులో వెతికితే, కారకుండా ఉన్నదాన్ని నేనొక్కదాన్నే దొరికాను. కుళాయి దగ్గరికి పంపి నన్నే నింపించారు. సార్జెంట్ మొదటి గుక్క నోట్లో పోసుకుని ఉమ్మేశాడు, నన్ను తిట్టాడు, లమెకిని తిట్టాడు. మధ్యాహ్నం ఎండ నెత్తికెక్కాక ముక్కు మూసుకుని గ్లాసెడు తాగాడు.