చిటికెడు చిటికెడుగా

ఉప్పు తగ్గించమని చెప్పడానికి డాక్టరుదేం పోయింది? నోరు కదిపితే చాలు. వండి వడ్డించేవాళ్లకు కదా తెలిసేది! అందులోనూ ఈ సోఫా మేస్త్రీ మొగుడికి.

ఆయన పాత సోఫాలకు, కుర్చీలకు కొత్త గుడ్డ వేసే పనిమంతుడు. చిన్న మేకులు గుప్పెడు నోట్లో పోసుకుని, నాలుకతో ఒక్కొక్కటే పెదాల మీదికి తెచ్చి, సుత్తితో టకటకా కొట్టేవాడు. అదే నాలుకతో కూరలో ఉప్పు ఒక్క పలుకు తగ్గినా పట్టేసేవాడు. "ఏమే, ఉప్పు డబ్బా అలిగి పుట్టింటికెళ్లిందా?" అని ఇల్లెగిరిపోయేలా నవ్వేవాడు. అలాంటి మనిషికి గుండె నీరసించి, కాళ్లకు నీరు పట్టింది.

"చప్పిడి తిండి పెట్టావో, తినను గాక తినను" అని ముందే తెగేసి చెప్పాడు. సరే, చెప్పకుండానే తగ్గిద్దామనుకుంది ఆమె. వారానికో చిటికెడు. లోటు తెలియకుండా ఉల్లిపాయల్ని మాడీమాడకుండా ఎర్రగా వేయించేది. నువ్వులు దోరగా వేయించి పొడి చల్లేది. దించాక నిమ్మకాయ పిండేది, మిరియాలు దంచి వేసేది. నూనెను కూడా గరిట నుంచి చెంచాకు దింపింది. తనూ అదే తినేది. మొదట్లో గొంతు దిగేది కాదు. రానురాను అదే బాగుందనిపించింది. తన నాలుక ఒప్పుకుంది గనక ఆయన నాలుకా ఒప్పుకుందనుకుంది.

పైగా ఆయన ఒక్కనాడూ వంక పెట్టలేదు. "అదిరిందే!" అంటూ కంచం ఖాళీ చేసేవాడు. ఉప్పు డబ్బా మీద వేళాకోళం మాత్రం మానేశాడు. పాపం, అది ఆమె గమనించనే లేదు. గెలిచానని లోలోపల మురిసిపోయింది, పిచ్చితల్లి.

కాళ్ల వాపు కొన్నాళ్లు తగ్గింది. మళ్లీ వచ్చింది. ఈసారి మంచం దిగనివ్వలేదు. మొన్న ఆస్పత్రిలో డాక్టరు ఆమెను వరండాలోకి పిలిచాడు. "ఇంటికి తీసుకెళ్లండమ్మా. ఇక పథ్యం అక్కర్లేదు. ఆయన ఏది అడిగితే అది పెట్టండి" అన్నాడు. పథ్యం అక్కర్లేదన్న మాట కోసం ఆమె ఎన్నాళ్లు ఎదురుచూసిందో! తీరా విన్నాక గోడ పట్టుకుని నిలబడిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం టొమాటోలు, బంగాళాదుంపలు తరిగి, వెనకటిలా నిండుగా ఉప్పేసి కూర చేసింది. రుచి చూస్తే ఆమె నోటికి ఉప్పు కషాయమే అది. ఆయన్ని దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి, మెత్తగా కలిపి ముద్ద అందించింది.

ఆయన నమలడం ఆపేశాడు. కళ్లు పెద్దవయ్యాయి.

"ఏమే... ఇంకో ముద్ద పెట్టు."

పెట్టింది.

"తెలుస్తోందే! రుచి తెలుస్తోంది!" ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. "నీకు చెప్పలేదు గానీ, నా నాలుక ఎప్పుడో చచ్చిపోయింది. ఏం తిన్నా గడ్డి తిన్నట్టే. ఇన్నేళ్లు మేకులు చప్పరించినందుకేమోలే అనుకున్నా. తర్వాత... ఇక మనకి రోజులు దగ్గరపడ్డాయని అర్థమైంది. నువ్వు బెంగపడతావని నోరు మూసుకున్నా."

ఆమె చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అయ్యో, ఎంత పని చేసింది! తను దాచింది ఉప్పే అనుకుంది. ఆ మనిషేమో చావు పక్కనే కూర్చుందనుకుంటూ, ఇన్నాళ్లూ ఆమె కోసం నవ్వుతూ తిన్నాడు. మీ నాలుకకేం కాలేదండీ, అదంతా నా నిర్వాకమే అని అప్పుడే చెప్పి ఉంటే ఆ దిగులే ఉండేది కాదు. ఇప్పుడు చెబితే ఆ కళ్లలో మెరిసిన ఈ ఆశ పోతుంది.

"నాలుక తిరిగొచ్చిందంటే మనిషి కోలుకున్నట్టేనే" అన్నాడాయన. "ముందుగదిలో ఆ కుర్చీ సగంలో వదిలేశా కదా. రేపు నువ్వు గుడ్డ లాగి పట్టుకో, నేను మేకులు కొడతా."

"అలాగేనండీ."

"ఇంతకీ ఇవాళ కూరలో ఏం వేశావే?"

"రోజూ వేసేవేనండీ" అంది ఆమె, ఇంకో ముద్ద అందిస్తూ.