గోడకి లోవైపు

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు, కట్టించి చూడమనలేదు కదా అంది కొలతలమ్మ. ఆ అనడం అనడమే, రెండేళ్లుగా ఆవిడా, ఆవిడ భర్తా సెలవన్నది లేకుండా సిమెంటు మరకల్లోనే బతుకుతున్నారు. ఆయన బస్సు డ్రైవరు. ఆవిడ టైలరు. వీధిలో సగం మంది నడుం కొలతలు ఆవిడ పుస్తకంలో ఉన్నాయి, ఎవరు ఎప్పుడు లావెక్కారో తేదీలతో సహా. అందుకే అందరూ కొలతలమ్మ అంటారు. పునాదీ, స్తంభాలూ, పైకప్పూ మేస్త్రీలు వేసి వెళ్లిపోయారు. లోపలి గోడలు మాత్రం వీళ్లవే. ఇనప చట్రం నిలబెట్టాలి, మధ్యలోంచి నీళ్ల పైపులు పోనివ్వాలి, రెండు వైపులా జిప్సం బోర్డులు బిగించెయ్యాలి.

పైపుల పని బావది. బావంటే అక్క మొగుడు, పాతికేళ్లుగా ప్లంబరు, నోరు తెరిస్తే వేళాకోళం తప్ప ఇంకో మాట రాదు. మొదటిరోజు ఆయన వచ్చేసరికి మరదలు గచ్చంతా ఖాకీ కాగితం పరిచి, దాని మీద మోకాళ్లేసుకుని గీతలు గీస్తోంది.

“ఏంటి మరదలా, గోడకి లాగూ కుడుతున్నావా?”

“కుడతాను. నీకు కుట్టిన లాగూ ఏదైనా చిరిగిందా ఇప్పటిదాకా?”

“చిరగలేదు, నిజమే. అయినా పైపులకి కాగితం ఎందుకమ్మా? ఏది ఎటు పోవాలో అంతా నా బుర్రలో ఉంది.”

“నీ బుర్ర సాయంత్రం నీతోపాటే ఇంటికి పోతుంది బావా. గోడ ఇక్కడే ఉంటుంది. బోర్డు బిగించాక లోపల ఏముందో నేనెవర్ని అడగాలి?”

గోడ ఎంతుంటే కాగితమూ అంతే. కుళాయి ఏ ఎత్తున, సింకు ఏ మూల, వేడినీళ్లు ఎటు, చన్నీళ్లు ఎటు, అన్నీ అసలు సైజులో గీసింది. బావ గొణుక్కుంటూనే ఆ గీతల ప్రకారం పైపులు వేశాడు. ఒక్క చోట మాత్రం ఆవిడ మాట చెల్లలేదు. గదికో వాల్వు పెట్టమంది. “ఇదేమన్నా ఆనకట్ట అనుకున్నావా, తూముకో తలుపు పెట్టడానికి? ఇంటి మొత్తానికి ఒక్కటి చాలు,” అని బావ కొట్టిపారేశాడు. పోనీలే, ఆయన పని ఆయనకి తెలుసు అని ఊరుకుంది. ఊరుకోకుండా ఉండాల్సింది.

ఇంత పట్టుదలకీ కారణం అత్తగారు. పోయిన ఏడాది అద్దింటి బాత్రూంలో జారిపడి ఆవిడకి తుంటి ఎముక విరిగింది. ఆపరేషనయింది, కర్ర పట్టుకుని నడుస్తోంది, స్నానం ఒక్కటే సొంతంగా చేసుకోలేకపోతోంది. ఇక్కడ ఇల్లు తయారయ్యేదాకా కూతురింట్లో ఉంటోంది, కూతురే దగ్గరుండి నీళ్లు పోస్తోంది. పెళ్లయిన నాటి నుంచీ తలుపు గడియ పెట్టుకుని స్నానం చేసిన మనిషి. “కన్నకూతురైతే మాత్రం ఏంటే, ఒళ్లు చూపించుకోవడం నా వల్ల కావట్లేదు,” అని ఓసారి ఫోన్లో కోడలితో అని ఏడ్చేసింది. అత్తగారు ఏడవడం కొలతలమ్మ అంతకుముందెప్పుడూ వినలేదు. కొత్తింట్లో మీ అంతట మీరే, తలుపేసుకుని చేస్తారు అత్తయ్యా అని మాటిచ్చేసింది.

మాటివ్వడం సులువే. పట్టుకుని లేవడానికి గోడకి స్టీలు కడ్డీ కావాలి. జిప్సం బోర్డు మనిషి బరువు మొయ్యదు. దాని వెనక చట్రంలో దిట్టమైన చెక్క ఉండాలి, కడ్డీ స్క్రూలు ఆ చెక్కలోకి దిగాలి. అందుకని టేపు మెళ్లో వేసుకుని ఆడపడుచు ఇంటికి వెళ్లి మరీ కొలతలు తీసుకుంది. కొలుస్తుంటే అత్తగారు ఊపిరి బిగబట్టి నిటారుగా నిలబడింది.

“అలా కాదత్తయ్యా, రోజూ ఎలా నిలబడతారో అలా నిలబడండి.”

“రోజూ ఇలాగే నిలబడతాను.”

“ఫోటోకి కాదత్తయ్యా, కడ్డీకి.”

అత్తగారు నవ్వేసి భుజాలు వదిలింది. రెండంగుళాలు తగ్గింది.

వెళ్లేటప్పుడు ఆడపడుచు గుమ్మం దాకా వచ్చింది. “వదినా, నీ మీద నమ్మకం లేక కాదు. నెలాఖరు సోమవారం నుంచి నాకు పొద్దుటి డ్యూటీ. ఆయాని మాట్లాడాను. ఆ ముందు రోజు ఆదివారం అమ్మని తీసుకొస్తాను. బాత్రూం కుదిరితే సరే. లేదంటే నాతో వెనక్కి తీసుకొచ్చేస్తా, ఇంక ఆయాయే చూసుకుంటుంది. మాటిమాటికీ అటూ ఇటూ తిప్పితే ఆ తుంటి ఏం కాను?”

“కొత్త మనిషి చేత ఒళ్లు తోమించుకునే బదులు స్నానమే మానేస్తా!” అని లోపల్నుంచి అత్తగారి గొంతు వినిపించింది.

బాత్రూంకీ వంటింటికీ మధ్య ఉన్నది ఒకటే గోడ. ముందు బాత్రూం వైపు బోర్డులు బిగించి టైల్స్ అంటించారు. వంటింటి వైపు ఇంకా తెరిచే ఉంది. బావ పైపుల్లో నీళ్లు నింపి, చేతిపంపుతో ఒత్తిడి పెట్టి, ఒక రోజు పూర్తిగా మీటరు ముల్లు కదలలేదని, అంటే ఎక్కడా కారడం లేదని చూసుకుని, పక్క ఊళ్లో పనుందని వెళ్లిపోయాడు. మూసెయ్యబోయే ముందు కొలతలమ్మకి అనుమానం వచ్చింది. బావ నా గీతకి నాలుగంగుళాలు అటో ఇటో వేసే ఉంటాడు, ఆయన్ని నమ్మడానికి లేదు అనుకుంది. వంటింటి వైపు నిలబడి, కొత్త కాగితం చట్రానికి ఆనించి, ఏది ఎక్కడుందో అచ్చు దింపుకుంది. కడ్డీ కోసం పెట్టిన చెక్క ఇక్కడ, దానికి మూరెడు దూరంలో సింకుకి వెళ్లే పైపు అక్కడ. ఆ తర్వాత వంటింటి వైపు కూడా బోర్డులు పడ్డాయి. లోపల ఏమీ లేనట్టే గోడ తెల్లగా, నున్నగా నిలబడింది.

చెప్పిన ఆదివారానికి రెండు రోజుల ముందు, శుక్రవారం పొద్దున్న, ఆ కాగితం బాత్రూం గోడకి అంటించి, చెక్క గీసిన చోట గుర్తు పెట్టింది. భర్త డ్రిల్లు పట్టుకున్నాడు. టైలు దాటింది. బోర్డు దాటింది. ఇంక చెక్క తగలాలి కదా? ఆయన మొహం మీద ఫెడీమని నీళ్లు కొట్టాయి.

“వాల్వు కట్టండి, వాల్వు!” అని కేకేసింది. ఆయన తడిసిన బట్టలతో జారుకుంటూ పరిగెత్తి కట్టేశాడు. ఒక్కటే వాల్వు, ఇంటి మొత్తానికి. బాత్రూంలో చుక్క లేదు, వంటింట్లో చుక్క లేదు.

ఆయన బక్కెట్టు బోర్లించి దాని మీద కూలబడ్డాడు. “చెల్లికి ఫోన్ చేసి చెప్పేస్తానే. ఆయాని పెట్టుకోమందాం. ఓ నెలపోతే అప్పుడు చూద్దాం.”

“చెయ్యకండి.”

“నీళ్లే లేని ఇంటికి అమ్మనెలా తెస్తాం?”

“ఇవాళ శుక్రవారమండీ. ఆదివారం కాదు.” ఇప్పుడు ఆగిందంటే ఇంక ఎప్పటికీ ఆగినట్టే, వెనక్కి వెళ్లిన మనిషి మళ్లీ రాదని ఆవిడకి తెలుసు. కాగితం పీకి వంటింట్లోకి పట్టుకెళ్లింది. అక్కడ గోడకి ఆనించింది. మళ్లీ బాత్రూంలోకి తెచ్చి ఆనించింది. అప్పుడు తెలిసింది.

ముప్పయ్యేళ్లుగా బట్టకి లోవైపు గీత గీసి, ఆ లోవైపు నుంచే కుట్టుకొచ్చిన చెయ్యి అది. గీత ఎప్పుడూ కళ్లకి ఎదురుగానే ఉంటుంది, కుట్టడమంతా అయ్యాకే తిరగేస్తారు. గోడని అలా తిరగెయ్యడం ఎవరి తరం? వంటింటి వైపు గీసిన కాగితాన్ని బాత్రూంలో అంటించాలంటే గీతలు గోడకేసి ఉండాలి. ఆవిడ అలవాటు కొద్దీ తనకేసి పెట్టుకుంది. కుడిది ఎడమైంది, ఎడమది కుడైంది. చెక్కా, పైపూ గోడ మధ్యకి చెరో పక్క ఉండేసరికి చెక్క గీత పోయి పోయి పైపు నెత్తి మీదే కూర్చుంది. ఇంత కొలతలమ్మా చేసిన నిర్వాకం ఇది.

బావకి ఫోన్ చేసింది. “బావా, సింకు పైపుకి చిల్లు పడింది.”

“ఎవరు పెట్టారు? బస్సాయనేనా?”

“కాదు, నేనే. నా కాగితమే.”

ఏడిపిస్తాడనుకుంది. బావ ఏడిపించలేదు. “నేను సోమవారానికి గానీ రాలేను మరదలా,” అన్నాడు నెమ్మదిగా.

“నువ్వు రానక్కర్లేదు. ఎలా చెయ్యాలో చెప్పు చాలు.”

బావ చెప్పాడు, ఆవిడ కొలతల పుస్తకంలో రాసుకుంది. చిల్లు పడ్డ ముక్క కోసెయ్యాలి. కొత్త ముక్క పెట్టి రెండు కొసలా జాయింట్లు గమ్ముతో అతికించాలి. తడి ఏమాత్రం ఉన్నా గమ్ము పట్టదు. కొన్ని గంటలు ఆరనివ్వాలి, తర్వాత మళ్లీ పంపు కొట్టి ఒక రోజు ముల్లు చూడాలి. “రోజంటే రోజే. నువ్వసలే పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం, ఇందులో మాత్రం నా మాట విను,” అన్నాడు.

భర్త సుత్తి తీసుకుని బాత్రూంలోకి నడవబోయాడు. ఆవిడ అడ్డంగా నిలబడింది. “టైల్స్ జోలికెళ్లకండి. కుట్టు ఎప్పుడైనా లోవైపు నుంచే విప్పాలి.”

వంటింటి వైపు బోర్డు మీద స్కేలు పెట్టి చదరంగా గీసి, చాకుతో నెమ్మదిగా కోసి, ముక్క విరగకుండా ఊడదీసి పక్కన పెట్టింది. లోపల పైపు తళతళలాడుతూ నీళ్లు కారుస్తోంది. చెయ్యి పట్టే సందు లేదు. ఆయన పైపు కోస్తుంటే ఆవిడ సంచిలోంచి నూలు గుడ్డ పీలికలు తీసి తుడుస్తూనే ఉంది. సాయంత్రానికి రెండు జాయింట్లూ అతికించారు. ఆ వెంటనే కాగితాన్ని ఈసారి తిరగేసి, మూడుసార్లు చూసుకుని, కడ్డీ బిగించారు. డ్రిల్లుకి చెక్కపొట్టు రాలితే ఇద్దరూ దాన్ని అరచేతిలో వేసుకుని చూసుకున్నారు. ఆయన కడ్డీ పట్టుకుని కాళ్లు మడిచి వేలాడాడు. కడ్డీ కిక్కురుమనలేదు.

శనివారం పొద్దున్నే పంపు కొట్టారు. పది నిమిషాలకి ముల్లు దిగడం మొదలుపెట్టింది. పై జాయింటు చెమ్మగిల్లుతోంది.

“ఇంక నా వల్ల కాదే,” అన్నాడాయన.

“నా వల్ల అవుతుంది. మీరు ఆ గుడ్డ పట్టుకోండి.”

విప్పి కుట్టడం కొత్తా ఆవిడకి? మళ్లీ కోసింది, మళ్లీ తుడిచింది, మళ్లీ అతికించింది. ఆరేదాకా ఆగి, సరిగ్గా మూడు గంటలకి పంపు కొట్టింది. రోజంటే, మర్నాడు మూడింటిదాకా.

ఆదివారం పదింటికల్లా ఆడపడుచు అమ్మని కారు దింపింది. వస్తూనే వంటింటి గోడకి నోరు తెరుచుకున్న చదరపు కంత, దాని కింద పంపు చూసింది. “వదినా, ఏంటిది?”

దాచిపెట్టడం ఎందుకు? కొలతలమ్మ జరిగింది జరిగినట్టు చెప్పేసింది. “తప్పు నాదే. మూడింటిదాకా ఆ ముల్లు కదలకుండా ఉంటే అత్తయ్య స్నానం చేస్తారు. కదిలితే నువ్వు తీసుకెళ్లిపో, నేను అడ్డు చెప్పను.”

ఆడపడుచు తల్లి వంక చూసింది. “అమ్మా, వెళ్లిపోదామా? ఇవన్నీ ఇప్పట్లో తేలేవి కావు.”

“మూడింటికి కూడా ఆదివారమేగా,” అంది అత్తగారు, కుర్చీ లాగించుకుని మీటరు ఎదురుగా కూర్చుంటూ.

నలుగురూ ఆ ముల్లు చుట్టూనే కూర్చున్నారు. అన్నాలు కూడా అక్కడే తిన్నారు. రెండున్నరకి అత్తగారు, “నా కళ్లకి కాస్త దిగినట్టుందే,” అంటే కొలతలమ్మ చటుక్కున లేచి నిలబడింది. ఆడపడుచు వంగి చూసి, “లేదమ్మా, నీ కళ్లజోడు జారింది,” అంది. ఆ మాట అన్నది ఆడపడుచే కావడం కొలతలమ్మకి బాగుంది.

మూడయింది. ముల్లు పెట్టిన చోటే ఉంది. ఆయన వెళ్లి వాల్వు తిప్పాడు.

అత్తగారు భుజాన తువ్వాలేసుకుని, కర్ర తాటించుకుంటూ బాత్రూంలోకి వెళ్లింది. కడ్డీ మీద చెయ్యి వేసింది. మోచెయ్యి ఎత్తక్కర్లేదు, నడుం వంచక్కర్లేదు. కోడలి వంక ఓ చూపు చూసి, తలుపు వేసుకుంది. లోపల గడియ పడింది.

ముగ్గురూ తలుపు బయటే నిలబడ్డారు. స్టూలు కదిలింది. నీళ్లు పడ్డాయి. ఆగాయి. ఎంతసేపటికీ ఇంకో చప్పుడు లేదు. ఆడపడుచు వదిన చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“మీరంతా అక్కడే ఉన్నారా?” అని లోపల్నుంచి గొంతు.

“ఉన్నామత్తయ్యా! ఏమన్నా కావాలా?”

“కావాలి. అక్కణ్ణుంచి కదలండి. మనిషి స్నానం చేస్తుంటే తలుపు దగ్గర కాపలా ఏంటి, సిగ్గులేకపోతే సరి!”

ఆయన పకపకా నవ్వేశాడు. ఆడపడుచు కళ్లు తుడుచుకుని, ఆయాకి ఫోన్ చెయ్యడానికి బయటికి వెళ్లింది. కొలతలమ్మ వంటింట్లోకి వచ్చింది. గోడ కంతలోంచి అత్తగారు నీళ్లు పోసుకుంటున్న చప్పుడు, ఆవిడేదో కూనిరాగం తీస్తున్న చప్పుడు అంతా వినిపిస్తోంది. ఓ నిమిషం వింది, ఏడుపొచ్చింది, ఏడ్చింది. తర్వాత, కోసి దాచిన బోర్డు ముక్క తీసి ఆ కంతలో పెట్టి చేత్తో నొక్కింది. ముక్క సరిగ్గా సరిపోయింది. ఇంక అటు చప్పుడేదీ ఇటు వినిపించలేదు.